రాష్ట్రపతి అభ్యర్థులపై పార్టీల విభేదాలు, రాజకీయాల్లో విద్వత్తు విలువ: ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల నేపథ్యం

భారత రాష్ట్రపతి పదవికి ఎవరిని నిలబెట్టాలన్న విషయంలో పార్టీల మధ్య వచ్చే భేదాభిప్రాయం, ఆ సందర్భంలో అభ్యర్థి చదువుకు, పాండిత్యానికి, తెలివికి ఇచ్చే విలువ ఈ వ్యాసంలోని అంశాలు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు శాసనసభ నియోజకవర్గాలను ఆధారంగా తీసుకుని ఇక్కడ పరిశీలించడం జరిగింది. ఇందుకు కారణాలు మూడు. దేశానికి ఉపరాష్ట్రపతి అయిన ముప్పవరపు వెంకయ్యనాయుడు తొలిసారి శాసనసభకు గెలిచింది ఉదయగిరి నుంచి. రవీంద్రుని శాంతినికేతనంలో చదివి, ఆయన రచనలను తెలుగు చేసిన బెజవాడ గోపాలరెడ్డి ప్రాతినిధ్యం వహించింది ఆత్మకూరుకు. పదేళ్ల తేడాతో ఈ రెండు చోట్లా రాష్ట్రపతి ఎన్నికకు సుమారు నెల ముందు ఉప ఎన్నికలు జరిగాయి. ఊరి పోరుకూ ఢిల్లీ పోరుకూ ఉన్న సంబంధం ఎంతో ఆ రెండు ఉప ఎన్నికలు చూపినంత స్పష్టంగా వేరేవి చూపలేదు.

పదాలు, వాటి అర్థాలు

తెలుగులో చదువు వేరు, తెలివి వేరు. చదువు బడిలో, కళాశాలలో వచ్చేది. తెలివి సమయానికి తోచేది, లోకం చూసి నేర్చుకునేది. 'చదవేస్తే ఉన్న మతి పోయింది' అన్న సామెత ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడాన్ని చెబుతుంది. రాజకీయ వ్యాఖ్యానంలో వాడే 'మేధావి' అన్న మాట ఈ రెంటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. విశ్వవిద్యాలయ ఆచార్యులు, న్యాయమూర్తులు, శాస్త్రవేత్తలు, రచయితలు, ఉన్నతోద్యోగం చేసి విరమించినవారు అందరూ ఆ మాట కిందికే వస్తారు. పల్లెల్లో నాయకుణ్ణి తూచే మాటలు వేరుగా ఉంటాయి. మాటకారి, పనిమంతుడు, పిలిస్తే పలికేవాడు అంటారు. పట్టా ఉందా లేదా అన్నది ఆ తూకంలో తర్వాత వచ్చే సంగతి. ఈ వ్యాసంలో 'విద్వత్తు' అంటే అధ్యయనం వల్ల వచ్చిన పాండిత్యమనీ, 'వివేకం' అంటే పదవిలో ఉన్నప్పుడు సరైన నిర్ణయం తీసుకునే శక్తి అనీ గ్రహించాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు (చూ. పదవిలో పరీక్ష).

ప్రాంతం

ఉదయగిరి, ఆత్మకూరు రెండూ జిల్లాలో మెట్ట ప్రాంతం కిందికి వస్తాయి. పడమట వెలికొండలు కడప వైపు సరిహద్దు. ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్నాడు. ఆత్మకూరు వైపు అనంతసాగరం మండలంలో పెన్నానదిపై సోమశిల జలాశయం ఉంది. ఉదయగిరి నియోజకవర్గంలో వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, కలిగిరి, కొండాపురం, జలదంకి మండలాలు కలిసి ఉన్నాయి. ఆత్మకూరు కింద మర్రిపాడు, సంగం, చేజర్ల, అనుమసముద్రంపేట, అనంతసాగరం మండలాలు వస్తాయి. రెండు నియోజకవర్గాలూ నెల్లూరు లోక్‌సభ స్థానంలో భాగం.

ఎన్నిక విధానం, ఓటు విలువ

రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. రాజ్యాంగం 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభలలోని ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలలోని ఎన్నికైన సభ్యులు కలిసి ఎన్నుకుంటారు. అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో అంకెలు వేస్తారు. పార్లమెంటు సభ్యులకు ఆకుపచ్చ, శాసనసభ్యులకు గులాబీ రంగు బ్యాలెట్ పత్రాలు ఇస్తారు. ఓటు రహస్యం. పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు.

శాసనసభ్యుడి ఓటు విలువ రాష్ట్ర జనాభాను బట్టి ఉంటుంది. 1971 జనాభా లెక్కల సంఖ్యను సభలోని స్థానాల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని తిరిగి వెయ్యితో భాగిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 294 స్థానాలుండగా ఒక్కో ఓటు విలువ 148. 2014లో రాష్ట్రం విడిపోయాక 175 స్థానాల ఆంధ్రప్రదేశ్‌లో అది 159 అయింది, 119 స్థానాల తెలంగాణలో 132 అయింది. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2022 ఎన్నికలో పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ 700. ఆ లెక్కన ఉదయగిరి, ఆత్మకూరు శాసనసభ్యుల రెండు ఓట్లూ కలిపితే 318. ఒక పార్లమెంటు సభ్యుడి ఓటులో సగం కూడా కాదు. దేశం మొత్తం మీద ఆ ఏడాది ఓట్ల విలువ 10,86,431.

అర్హతల విషయంలో రాజ్యాంగం క్లుప్తంగా ఉంది. 58వ అధికరణం ప్రకారం అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి, లాభదాయక పదవిలో ఉండరాదు. చదువు ప్రసక్తి లేదు. శాసనకర్తలకు ఎలాంటి విద్యార్హతా పెట్టలేకపోయామని రాజ్యాంగ సభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ 1949 నవంబరు 26న సభలోనే విచారం తెలిపారు. ఆ విచారం తెలిపిన వ్యక్తే తర్వాత దేశ తొలి రాష్ట్రపతి అయ్యారు.

ఎవరికి ఓటు లేదు

చదువుకు రాజ్యాంగం పూర్తిగా చోటివ్వలేదని అనలేము. శాసన మండలిలో పన్నెండో వంతు స్థానాలను పట్టభద్రులు, మరో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజ సేవ రంగాల నుంచి గవర్నరు కొందరిని నియమిస్తారు. ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. ఉదయగిరి, ఆత్మకూరు పట్టభద్రులు ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు వేస్తారు. అయితే మండలి సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు. పాండిత్యం, కళ, సేవలకు గుర్తింపుగా రాజ్యసభకు నియమితులయ్యే 12 మందికీ లేదు. వారు ఉపరాష్ట్రపతి ఎన్నికలో మాత్రం ఓటు వేయవచ్చు. అంటే విద్వత్తు కారణంగా సభలో కూర్చున్నవారికి దేశాధినేతను ఎన్నుకునే హక్కు రాజ్యాంగం ఇవ్వలేదు. జనం ఓటుతో గెలిచినవారికే ఇచ్చింది. ఈ ఏర్పాటు మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

చరిత్ర

1952 నుంచి 1969 వరకు

1952 మే నెలలో తొలి రాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఇక్కడి సభ్యులు మద్రాసు శాసనసభ సభ్యులుగానే ఓటు వేశారు. రాజేంద్రప్రసాద్‌కు 5,07,400, ఆయనపై పోటీ చేసిన ఆర్థికవేత్త, ఆచార్యుడు కె.టి. షాకు 92,827 ఓట్ల విలువ లభించింది. రాష్ట్రపతిని వయోజనులందరూ నేరుగా ఎన్నుకోవాలని రాజ్యాంగ సభలో పట్టుబట్టిన షా, తాను కాదన్న పద్ధతిలోనే పోటీ చేసి ఓడిపోయారు. 1957 ఎన్నిక నాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి 1955లో ఎన్నికైనవారే అప్పటికీ సభ్యులుగా కొనసాగుతున్నారు. ఆత్మకూరు నుంచి 1955లో గెలిచిన బెజవాడ గోపాలరెడ్డి 1955 మార్చి నుంచి 1956 నవంబరు 1 వరకు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశారు. బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టిన ఈయన తర్వాత కేంద్రంలో మంత్రిగా, 1967 నుంచి 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. కవి, అనువాదకుడు, పార్టీ మనిషి. ఈ మూడూ ఒకరిలో కలిసి, ఒకదానికొకటి అడ్డురాకుండా సాగిన ఉదాహరణ మెట్టలో ఈయనకు మించి లేదు.

1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యారు. తత్త్వశాస్త్రాచార్యుడు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి. పాలక పక్షమే పండితుణ్ణి నిలబెట్టింది కాబట్టి విద్వత్తు మీద వాదం రాలేదు. 1967లో పరిస్థితి మారింది. కాంగ్రెస్ అభ్యర్థి జాకిర్ హుసేన్ విద్యావేత్త. ప్రతిపక్షాలు రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావును నిలబెట్టాయి. ఆయన సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి ఆ ఏడాది ఏప్రిల్‌లో రాజీనామా చేసి బరిలో దిగారు. అంతకు రెండు నెలల ముందే గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులపై తీర్పు ఇచ్చారు. జాకిర్ హుసేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. ఇద్దరి పాండిత్యంలో తక్కువ ఎక్కువలు ఎంచేవారు లేరు. అయినా పోటీ హోరాహోరీగా జరిగింది. అభ్యర్థులిద్దరూ విద్వాంసులే అయినప్పుడు ఓటును పార్టీయే నిర్ణయిస్తుందని ఈ ఎన్నిక చూపింది. న్యాయపీఠం దిగి నేరుగా ఎన్నికలోకి రావడం తగునా అన్న ప్రశ్న కూడా అప్పుడే మొదలైంది.

1969 ఎన్నిక గురించి విస్తారంగా రాసినవారు చాలామంది ఉన్నారు. తెలుగువారికి సంబంధించినంత వరకు గుర్తుంచుకోవలసింది ఇది. కాంగ్రెస్ అధికార అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. ప్రధాని ఇందిరాగాంధీ అండ ఉన్నది బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరికి. స్వతంత్ర, జనసంఘ్ పార్టీల అభ్యర్థి రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు, ఆర్థికశాఖ మాజీ మంత్రి సి.డి. దేశ్‌ముఖ్. మనస్సాక్షి ప్రకారం ఓటు వేయాలన్న పిలుపుతో కాంగ్రెస్ ఓటు చీలింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి 4,20,077తో గెలిచారు. సంజీవరెడ్డి 4,05,427 వద్ద ఆగారు. ముగ్గురిలో పేరున్న విద్వాంసుడు మూడో స్థానంలో ఉన్నాడు. ఆయనకు పడిన ఓట్ల రెండో ప్రాధాన్యాలే చివరి లెక్కను అంత దగ్గరికి తెచ్చాయి.

1977 నుంచి 1987 వరకు

అత్యవసర పరిస్థితి తర్వాత 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు దక్కాయి. మిగిలిన ఒక్కటి, నంద్యాల, సంజీవరెడ్డికి దక్కింది. ఆ ఏడాదే ఆయన రాష్ట్రపతిగా పోటీ లేకుండా ఎన్నికయ్యారు. 1978 శాసనసభ ఎన్నికల్లో ఉదయగిరిలో జనతా పార్టీ తరఫున వెంకయ్యనాయుడు గెలిచారు. చవటపాళెంలో పుట్టి, నెల్లూరు వి.ఆర్. కళాశాలలోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలోనూ చదివి, జై ఆంధ్ర ఉద్యమంలో పేరు తెచ్చుకుని, అత్యవసర పరిస్థితిలో జైలుకు వెళ్లి వచ్చిన యువకుడాయన. 1983లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచినా భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా ఉదయగిరిని నిలబెట్టుకున్నారు. 1985లో ఆ స్థానం కాంగ్రెస్ అభ్యర్థి మేకపాటి రాజమోహన్‌రెడ్డికి వెళ్లింది.

వెంకయ్యనాయుడు ఉదయగిరి సభ్యుడిగా ఉన్న కాలంలో, 1982 జులై 12న జరిగిన రాష్ట్రపతి ఎన్నిక ఈ వ్యాస విషయానికి అన్నింటికన్నా దగ్గరిది. కాంగ్రెస్ అభ్యర్థి జైల్ సింగ్. ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. అత్యవసర పరిస్థితిలో మనిషి స్వేచ్ఛకు కోర్టు రక్షణ ఉంటుందా అన్న కేసులో 1976లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని అయిదుగురిలో ఖన్నా ఒక్కరే ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు రాశారు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు. ఆయన రాజీనామా చేశారు. జైల్ సింగ్‌కు విశ్వవిద్యాలయ చదువు లేదు. ఆయన పేరు ముందు ఉండే 'జ్ఞాని' అన్న బిరుదు మాత్రం సిక్కు ధర్మ గ్రంథాల అధ్యయనం వల్ల వచ్చింది. ఒక పక్క న్యాయశాస్త్రంలో ఆరితేరిన మనిషి, మరో పక్క బడి చదువు తక్కువై మత పాండిత్యం ఉన్న మనిషి. ఓట్ల లెక్కలో జైల్ సింగ్‌కు 7,54,113, ఖన్నాకు 2,82,685. ఓడినవారి పక్షాన వినిపించిన ప్రధాన వాదం ఖన్నా విద్వత్తు, ధైర్యం. గెలిచినవారి పక్షాన వినిపించింది గ్రామీణ కుటుంబం నుంచి, వెనుకబడిన వర్గం నుంచి వచ్చిన మనిషి అత్యున్నత పదవికి ఎక్కడం. ఈ రెండు వాదాలూ న్యాయమైనవే. తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికలోనూ ఏదో రూపంలో ఇవే తిరిగి వినిపించాయి.

1987లో ఆర్. వెంకట్రామన్‌పై ప్రతిపక్షాలు నిలబెట్టిన వి.ఆర్. కృష్ణయ్యర్ కూడా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసినవారే. ఆయనకు 2,81,550 వచ్చాయి. వెంకట్రామన్‌కు 7,40,148.

2002: అబ్దుల్ కలాం

నెల్లూరు జిల్లావారికి కలాం కొత్త మనిషి కాదు. అప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 రాకెట్ 1979 ఆగస్టు 10న విఫలమై, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రెండు సార్లూ ప్రాజెక్టు డైరెక్టరు ఆయనే. 2002లో జాతీయ ప్రజాస్వామ్య కూటమి ఆయన్ను నిలబెట్టింది. కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ బలపరిచాయి. ఆ ఏడాది జులై 1న వెంకయ్యనాయుడు భాజపా జాతీయ అధ్యక్షుడయ్యారు. పోలింగు జులై 15న. వామపక్షాలు ఆజాద్ హింద్ ఫౌజు నాయకురాలు, వైద్యురాలు లక్ష్మీ సెహగల్‌ను పోటీకి దించాయి. కలాం శాస్త్ర పాండిత్యాన్ని వారు కాదనలేదు. రాజ్యాంగం, రాజకీయం తెలిసిన మనిషి ఆ పీఠంలో ఉండాలన్నది వారి వాదం. అంటే తెలివి ఉందా లేదా అన్నది పోయి, ఏ రంగపు తెలివి అన్నది ప్రశ్న అయింది. కలాంకు 9,22,884, లక్ష్మీ సెహగల్‌కు 1,07,366 వచ్చాయి.

2012 నుంచి 2022 వరకు

2012 జూన్ 12న ఉదయగిరికి ఉప ఎన్నిక జరిగింది. 2004లో, 2009లో కాంగ్రెస్ తరఫున గెలిచిన మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు. అదే రోజు నెల్లూరు లోక్‌సభ ఉప ఎన్నికలో మేకపాటి రాజమోహన్‌రెడ్డి నెగ్గారు. కాంగ్రెస్‌పై సాగిన పోరు అది. నెల దాటిన కొద్ది రోజులకే జులై 19న రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి ప్రణబ్ ముఖర్జీ. వైఎస్సార్ కాంగ్రెస్ ఆయనకే మద్దతు ప్రకటించింది. అప్పటి ఆత్మకూరు సభ్యుడు ఆనం రామనారాయణరెడ్డి రాష్ట్ర కాంగ్రెస్ ప్రభుత్వంలో మంత్రి. ఊళ్లో ఎదురెదురుగా నిలిచిన రెండు పార్టీలు రాష్ట్రపతి విషయంలో ఒకే గూటిలో ఉన్నాయి. తెలుగుదేశం ఓటింగుకు దూరంగా ఉంది.

2017లోనూ అదే జరిగింది. ఉదయగిరిలో తెలుగుదేశం సభ్యుడు బొల్లినేని వెంకట రామారావు, ఆత్మకూరులో వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యుడు మేకపాటి గౌతమ్‌రెడ్డి. రాష్ట్రంలో ఉప్పు నిప్పుగా ఉన్న ఆ రెండు పార్టీలూ కేంద్ర పాలక పక్షం అభ్యర్థి రామ్‌నాథ్ కోవింద్‌కే మద్దతిచ్చాయి. ప్రతిపక్షాల అభ్యర్థి మీరా కుమార్‌కు ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి ఒక్క ఓటూ రాలేదు.

2022 ఫిబ్రవరి 21న రాష్ట్ర మంత్రిగా ఉన్న గౌతమ్‌రెడ్డి మరణించారు. ఆత్మకూరు ఉప ఎన్నిక పోలింగు జూన్ 23న. దానికి రెండు రోజుల ముందు, జూన్ 21న, జాతీయ ప్రజాస్వామ్య కూటమి ద్రౌపది ముర్ము పేరు ప్రకటించింది. అప్పటి దాకా తెలుగు నాట వెంకయ్యనాయుడు పేరు గట్టిగా వినిపించింది. ఉప ఎన్నికలో తెలుగుదేశం పోటీ చేయలేదు. గౌతమ్‌రెడ్డి తమ్ముడు మేకపాటి విక్రమ్‌రెడ్డి భాజపా అభ్యర్థిపై 82,888 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. జులై 18న రాష్ట్రపతి ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ భాజపా నిలబెట్టిన ముర్మును బలపరిచాయి. జూన్‌లో ఆత్మకూరు వీధుల్లో భాజపాను ఓడించమని ఓటు అడిగిన పార్టీ, జులైలో భాజపా అభ్యర్థికి ఓటు వేసింది. ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు ఈ శాసనసభ నుంచి ఓట్లు లేవు. ఐఏఎస్ అధికారిగా, కేంద్ర ఆర్థిక మంత్రిగా పనిచేసిన సిన్హా అనుభవం గురించి, ఉపాధ్యాయినిగా పనిచేసి గవర్నరు స్థాయికి ఎదిగిన సంతాల్ గిరిజన మహిళ ముర్ము గురించి పత్రికల్లో చర్చ జరిగింది. రాష్ట్రంలో రెండు పక్షాలూ ఒకే మాట మీద ఉండడం వల్ల ఆ చర్చ ఓటు వరకు రాలేదు.

ఓటర్లకు ఇది అర్థం కాని వ్యవహారం కాదు. రాష్ట్రానికి రావలసిన నిధులు, కేంద్రంతో సంబంధాలు ప్రాంతీయ పార్టీలకు ముఖ్యం. రాష్ట్రపతి అభ్యర్థి మీద కేంద్ర పాలక పక్షంతో తగువు పెట్టుకోవడం వల్ల అవి లాభం చూడవు. అందువల్ల ఇక్కడ పార్టీ విభేదం ఎంత తీవ్రమైనా అది రాష్ట్రపతి ఎన్నికలో కనిపించదు.

ఉపరాష్ట్రపతి పదవి: 2017, 2025

ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులే ఎన్నుకుంటారు. శాసనసభ్యులకు ఓటు లేదు. 2017 ఆగస్టు 5న వెంకయ్యనాయుడు 516 ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థి గోపాలకృష్ణ గాంధీకి 244 వచ్చాయి. మహాత్ముడికీ రాజాజీకీ మనుమడైన గోపాలకృష్ణ గాంధీ ఐఏఎస్ అధికారి, దౌత్యవేత్త, రచయిత, పశ్చిమ బెంగాల్ మాజీ గవర్నరు. ఈ పోటీని పండితుడికీ పార్టీ కార్యకర్తకూ మధ్య జరిగినదిగా కొందరు చిత్రించారు. ఆ చిత్రణ అసంపూర్ణం. ప్రాసలతో, సమయస్ఫూర్తితో సాగే వెంకయ్యనాయుడు వక్తృత్వం, సభా నిబంధనలపై పట్టు, దశాబ్దాల ఊరూరి అనుభవం కూడా తెలివి కిందికే వస్తాయి. అవి గ్రంథాలయంలో దొరికేవి కావు. నెల్లూరు నుంచి ఆనాడు లోక్‌సభ సభ్యుడు 1985లో ఉదయగిరి గెలిచిన రాజమోహన్‌రెడ్డే. ఆయన పార్టీ వెంకయ్యనాయుడికి మద్దతు ప్రకటించింది. తెలంగాణ రాష్ట్ర సమితి, తెలుగుదేశం కూడా అదే దారిలో నడిచాయి. తెలుగువాడన్న అభిమానం అప్పుడు అన్ని పార్టీల ప్రకటనల్లోనూ కనిపించింది.

2025 సెప్టెంబరు 9 ఎన్నికలో ఆ అభిమానానికి పరీక్ష వచ్చింది. ప్రతిపక్షాల అభ్యర్థి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి తెలుగువారు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి నక్సలైట్లపైకి పంపడం చెల్లదని 2011లో తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఉన్నారు. తెలుగు పార్టీలు ఆయనకు మద్దతివ్వాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కోరారు. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ జాతీయ ప్రజాస్వామ్య కూటమి అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ వైపు నిలిచాయి. భారత రాష్ట్ర సమితి దూరంగా ఉంది. ఫలితం రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్‌రెడ్డికి 300. తెలుగువాడన్న అభిమానం, న్యాయ పాండిత్యం రెండూ ఒకే మనిషి పక్షాన ఉన్నా ఓటు కూటమి లెక్కలోనే పడింది.

అభ్యర్థుల తరహాలు

పై చరిత్రను ఒక చోట పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. షా, సుబ్బారావు, దేశ్‌ముఖ్, ఖన్నా, కృష్ణయ్యర్, గోపాలకృష్ణ గాంధీ, సుదర్శన్‌రెడ్డి. వీరంతా ఓట్లు తక్కువ ఉన్న పక్షం నిలబెట్టినవారు. గెలిచే సంఖ్యాబలం లేని పక్షం పార్టీ గోడలు దాటి ఓట్లు రాబట్టే ఆశతో అందరూ గౌరవించే పేరును ఎంచుకుంటుంది. న్యాయమూర్తులు ఇంత తరచుగా కనిపించడం అందుకే. సంఖ్యాబలం ఉన్న పక్షానికి ఆ అవసరం ఉండదు. అది విధేయత, ప్రాంతం, సామాజిక వర్గం, రాబోయే ఎన్నికలు చూసుకుంటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్, జాకిర్ హుసేన్, కలాం ఈ క్రమానికి మినహాయింపులు. గెలిచే పక్షమే విద్వాంసుణ్ణి ఎంచుకున్న సందర్భాలవి. విద్వత్తు గురించిన వాదం నిజాయతీగా చేసినా, అది ఎవరి నోట వస్తుందన్నది సంఖ్యలను బట్టే ఉందని ఏడు దశాబ్దాల లెక్క చెబుతోంది. 1967లో న్యాయమూర్తిని నిలబెట్టిన పక్షాల వారసులు అధికారంలోకి వచ్చాక న్యాయమూర్తులను వెతకలేదు. 1982లో పల్లె మనిషిని చూపి మురిసిన కాంగ్రెస్ 2025లో న్యాయమూర్తిని ముందుకు తెచ్చింది.

పదవిలో పరీక్ష

విద్వత్తు వల్ల రాష్ట్రపతి మెరుగ్గా పనిచేస్తారా అన్న ప్రశ్నకు అభ్యర్థిత్వాల్లో జవాబు దొరకదు. సంతకాల్లో దొరుకుతుంది. మంత్రిమండలి సలహాను రాష్ట్రపతి పాటించాలని 42వ సవరణ స్పష్టం చేసింది. ఒకసారి పునరాలోచనకు తిప్పి పంపే వీలు 44వ సవరణ కల్పించింది. బిల్లును తిప్పి పంపడం, ఆమోదం ఆపి ఉంచడం, ఎవరికీ మెజారిటీ రానప్పుడు ప్రధానిని పిలవడం, క్షమాభిక్ష. వివేకం అవసరమయ్యే చోట్లు ఇవి.

ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కేంబ్రిడ్జిలో చదివిన న్యాయవాది. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై ఆయన సంతకం చేశారు. పట్టా లేని జైల్ సింగ్ 1986లో ఉత్తరాలు తెరిచి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే తపాలా సవరణ బిల్లుపై సంతకం చేయలేదు. బిల్లు అక్కడే ఆగిపోయింది. లండన్‌లో చదివిన కె.ఆర్. నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫారసును వెనక్కి పంపారు. కలాం 2006లో లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. అంతకు ముందు ఏడాది విదేశీ పర్యటనలో ఉండగా మాస్కోలో రాత్రి పూట బిహార్ శాసనసభ రద్దుపై సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. చదువు ఉన్నా తడబాటు ఉంది. చదువు తక్కువైనా నిలకడ ఉంది. రెండూ ఒకే మనిషిలో వేర్వేరు రోజుల్లో కనిపించాయి. ఈ ఉదాహరణలు చదువుకు విలువ లేదని చెప్పవు. పట్టాను చూసి వివేకాన్ని అంచనా వేయడం కుదరదని మాత్రం చెబుతాయి.

రహస్య ఓటు, పార్టీ కట్టుబాటు

ఓటు రహస్యం కాబట్టి సభ్యుడు తన విచక్షణ ప్రకారం వేయవచ్చని చట్టం అభిప్రాయం. ఆచరణలో పార్టీ ఆ రహస్యాన్ని లెక్కలతో ఛేదించడానికి చూస్తుంది. రాష్ట్రపతి ఎన్నికలో కాకపోయినా, అదే పద్ధతిలో జరిగే శాసన మండలి ఎన్నికలో ఉదయగిరికి ఈ అనుభవం ఉంది. 2023 మార్చిలో శాసనసభ్యుల కోటా స్థానాలకు జరిగిన ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి అనుకోని రీతిలో గెలిచారు. తమ సభ్యులు నలుగురు ఎదుటి పక్షానికి ఓటు వేశారని వైఎస్సార్ కాంగ్రెస్ వారిని సస్పెండ్ చేసింది. ఆ నలుగురిలో ఉదయగిరి సభ్యుడు చంద్రశేఖర్‌రెడ్డి, అప్పటి వెంకటగిరి సభ్యుడు ఆనం రామనారాయణరెడ్డి ఉన్నారు. చంద్రశేఖర్‌రెడ్డి ఆరోపణను ఖండించారు. బ్యాలెట్ ఎవరిదో ఎవరూ చూడని చోట అనుమానమే శిక్షకు చాలింది. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి ఓటును పార్టీ ప్రతినిధికి చూపించాలి. రాష్ట్రపతి ఎన్నికలో ఆ నియమం లేదు.

ఇతర దేశాల్లో

పాలకుడు తత్త్వవేత్త కావాలని గ్రీకు తాత్త్వికుడు ప్లేటో వాదించాడు. అమెరికాలో 1952, 1956 అధ్యక్ష ఎన్నికల్లో పుస్తకాల మనిషిగా పేరు పడ్డ అడ్లై స్టీవెన్సన్ సైన్యాధిపతి ఐసెన్‌హోవర్ చేతిలో రెండుసార్లు ఓడారు. అక్కడి సమాజంలో మేధావుల పట్ల ఉన్న అపనమ్మకంపై చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాటర్ 1963లో రాసిన గ్రంథం ఈ విషయంలో ప్రామాణికం. అక్కడ అధ్యక్షుడు పాలకుడు, ప్రచారం నేరుగా జనంలో జరుగుతుంది. ఇక్కడ రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నడిచే రాజ్యాంగాధినేత, ఓటర్లు చట్టసభల సభ్యులు. అందువల్ల అమెరికా అనుభవాన్ని నేరుగా ఇక్కడికి తెచ్చి పోల్చడం సరికాదు. అక్కడ స్థిరపడిన తెలుగువారు ఇంటి దగ్గర రాష్ట్రపతి ఎన్నికను ఆ దేశపు కళ్లతో చూసినప్పుడు ఈ తేడా తరచు మరుగున పడుతుంది.

ప్రస్తుత స్థితి

2024 ఎన్నికల్లో ఉదయగిరి నుంచి కాకర్ల సురేష్, ఆత్మకూరు నుంచి ఆనం రామనారాయణరెడ్డి, ఇద్దరూ తెలుగుదేశం తరఫున, శాసనసభకు ఎన్నికయ్యారు. నెల్లూరు లోక్‌సభ సభ్యుడు వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి కూడా అదే పార్టీ. 2022 జులై 25న ప్రమాణం చేసిన ద్రౌపది ముర్ము అయిదేళ్ల పదవీకాలం 2027 జులైతో ముగుస్తుంది. శాసనసభ్యుడి ఓటు విలువకు 2026 తర్వాతి తొలి జనాభా లెక్కలు వచ్చే వరకు 1971 సంఖ్యే ఆధారం.